పటము మీది గీత, పొలములోని రాయి

చదువవలసిన భాగము: యెహోషువ 18:1–10

ఈ నెల పాఠమునకు మేము దేశపటములను విషయముగా తీసికొంటిమి. ఇది బడిపిల్లల సంగతి గదా, సంఘమునకు దీనితో పనియేమి అని కొందరికి తోచవచ్చును. కాని మన ఇంటి స్థలము, మన పొలపు గట్టు, మన సమాధుల తోట, వానికి పోవు దారి, ఇవన్నియు ఏదో ఒక పటములో ఉన్నవి, లేదా లేవు. ఉన్నవో లేవో తెలియకుండుటవలన నష్టపోయినవారు మన గ్రామములలో కొద్దిమంది కారు. కావున పటము అనగా నేమో, దానిని ఎవరు ఎందుకు గీసిరో, దానిని మనము ఏలాగు చదువవలెనో క్రమముగా చూతము.

1. షిలోహులో వ్రాసిన పటము

ఇశ్రాయేలీయులు దేశములో ప్రవేశించిన తరువాత కూడ ఏడు గోత్రములకు ఇంకను స్వాస్థ్యము దొరకలేదు. అప్పుడు యెహోషువ ఒక్కొక్క గోత్రమునుండి ముగ్గురు మనుష్యులను ఏర్పరచి పంపెను. వారు దేశమంతట తిరిగి, పట్టణముల చొప్పున దానిని ఏడు భాగములుగా పుస్తకములో వ్రాసికొని, షిలోహునకు మరల వచ్చిరి. తరువాతనే చీట్లు వేయబడెను.

ఇందులో మూడు సంగతులు గమనింపదగినవి. మొదటిది, కొలిచినవాడు ఒక్కడు కాడు. ఏడు గోత్రములవారు ముగ్గురేసి చొప్పున 21 మంది వెళ్లిరి. ఏ గోత్రమును మా కన్నులు అక్కడ లేవు అని చెప్పుటకు వీలులేదు. రెండవది, వారు గుడారములో కూర్చుండి వ్రాయలేదు. నేలమీద నడిచి వ్రాసిరి. మూడవది, భాగములు చేసినవారికి ఏ భాగము తమదగునో ముందుగా తెలియదు. ఏ భాగము ఎవరికి వచ్చునో తెలియనివాడే భాగములను సమముగా చేయును. మన ఇండ్లలో అన్నదమ్ములు పంపకములు చేసికొనునప్పుడు, భాగములు చేసినవాడు చివర కోరుకొనవలెను అని పెద్దలు చెప్పు మాటలో ఉన్నది ఈ న్యాయమే.

పటమును గూర్చిన ప్రశ్నలన్నియు ఈ మూడింటిలో ఇమిడియున్నవి. కొలుచునప్పుడు ఎవరెవరు ఉండిరి? నేలమీద నడిచి చూచిరా? ఆ గీతవలన లాభము ఎవరికి?

2. కాగితము లేని నాటి పటములు

మన పూర్వికులకు కాగితపు పటములు లేకపోయినను సరిహద్దులు తెలియనివారు కారు. రాజులు భూమిని దానము చేసినప్పుడు శాసనములో దాని ఎల్లలను మాటలతో చెక్కించెడివారు. తూర్పున ఫలానా పుట్ట, దక్షిణమున చింతచెట్టు, పడమర వాగు, ఉత్తరమున రాతిగుండు, ఈ రీతిగా నాలుగు దిక్కులును చెప్పబడెడివి. అదియు పటమే. దానిని కంటితో గాక చెవితో చదువుదురు. ఊరి పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని పొలిమేర చూపించుటలో పటము ఒక తరమునుండి మరియొక తరమునకు చేరెడిది.

ఇట్టి మాటల పటములను కాగితముమీదికి ఎక్కించినవారిలో కర్నల్ కాలిన్ మెకంజీ ముఖ్యుడు. స్కాట్లాండు దేశస్థుడు. 1810లో మద్రాసునకును, 1815లో భారతదేశమంతటికిని సర్వేయర్ జనరల్ ఆయెను, 1821లో మృతిపొందెను. ఆయన కొలతలతో తృప్తిపడక, ఊరూరను కరణములు చెప్పు స్థలచరిత్రలను వ్రాయించెను. వీటినే కైఫియత్తులు అందురు. ఈ పనికి ఆయనకు కన్నులును నాలుకయునైనవారు ఏలూరు వారైన కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో చిన్న వయస్సుననే చనిపోయెను. రామస్వామి దక్కను ప్రాచీన పటమునకు వివరణగా అక్కడి నగరములను వర్ణించు పుస్తకమును 1828లో కలకత్తాలో అచ్చు వేయించెను. తెలుగువాడు తన దేశపు పటమును తానే వివరించి లోకమునకు చూపిన తొలి ప్రయత్నములలో ఇది యొకటి.

మన జగ్గయ్యపేట పేరు కూడ ఈ కాలమునకు చెందినదే. ఇది పూర్వము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు దీనికి పెట్టెను. పటముమీద ఒక పేరు తుడిచి వేరొక పేరు వ్రాయుట అధికారము గలవారి పని. అయినను పాత పేరు ప్రజల నోట చాలకాలము బ్రదికియుండును.

3. నడుమ నేమున్నది, పైన నేమున్నది?

పటమును గీయువాడు తనకు ముఖ్యమైనదానిని నడుమ పెట్టును. యోర్దాను దేశములో మదబా అను ఊరిలో ఒక ప్రాచీన దేవాలయపు నేలమీద రంగురాళ్ల ముక్కలతో పొదిగిన పటము కలదు. ఆరవ శతాబ్దపు పని. పరిశుద్ధ దేశమునకు మిగిలియున్న పటములలో ఇదియే మిక్కిలి పాతది. అందులో యెరూషలేము కోడిగ్రుడ్డు ఆకారమున, ద్వారములతోను స్తంభముల వీధితోను, తక్కిన ఊళ్లకంటె చాల పెద్దదిగా చూపబడినది. పటమునకు పైభాగమున ఉత్తరము గాక తూర్పు ఉన్నది. ఏలయనగా ఆ దేవాలయము తూర్పునకు తిరిగియున్నది. లోపలికి వచ్చి నిలిచినవానికి దిక్కులు సరిగా కుదురవలెనని అట్లు చేసిరి. ఉత్తరము పైన ఉండుట మనకు అలవాటేగాని సృష్టినియమము కాదు.

క్రీ. శ. 150 ప్రాంతమున అలెగ్జాండ్రియాలో ఉండిన టాలెమీ అను పండితుడు లోకములోని ఊళ్లకు, నదులకు అంకెలతో స్థానములు వ్రాసెను. అందులో మైసోలియా అను దేశమొకటి చెప్పబడినది. అది మన మచిలీపట్టణపు తీరప్రాంతమని పండితులు తలంచుచున్నారు. అనగా సుమారు 1,900 సంవత్సరముల క్రిందటనే కృష్ణాతీరము దూరదేశపువారి లెక్కలో ఉండెను. కాని వారికి తెలిసినది రేవులు, సరకులు. మన మెట్ట గ్రామములు వారికి కనబడలేదు. ఓడలో వచ్చినవాని పటములో తీరము నిండుగాను, లోపలిదేశము ఖాళీగాను ఉండును. అక్కడ మనుష్యులు లేరని దాని అర్థము కాదు.

బడిగోడలకు వ్రేలాడదీయు ప్రపంచపటములలో చాలవరకు 1569లో మెర్కేటర్ కనిపెట్టిన పద్ధతిని గీయబడినవే. ఓడ నడుపువారికి దిక్కు తప్పకుండుటకు అది మేలైన పటము. కాని అందులో ధ్రువములకు చేరువగా నున్న దేశములు ఉబ్బి కనబడును. గ్రీన్‌లాండు ఆఫ్రికా అంత ఉన్నట్లు తోచును. నిజముగా ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. మన భారతదేశము 32 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది, గ్రీన్‌లాండు 21 లక్షల పైచిలుకు. అనగా మన దేశము దానికి ఒకటిన్నర రెట్లు. పటములో చూచిన పిల్లవాడు ఇది నమ్మడు. ఒక పనికి సత్యమైన పటము వేరొక పనికి త్రోవ తప్పించును. పటము దేనికొరకు గీయబడెనో తెలిసికొని చదువవలెను.

4. మన గడపలోని గీత

లోకపు పటములు చూచితిమి; ఇప్పుడు మన ప్రాంతపు పటము చూతము. 1766లో నిజాము ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీవారికి వదలినప్పుడు మన కొండపల్లి సర్కారు కంపెనీవారి క్రిందికి వచ్చెను. దానితో జగ్గయ్యపేటకు ఆవల నిజాము రాజ్యము, ఈవల కంపెనీ రాజ్యము. ఇరువైపుల మాట ఒకటే, బంధుత్వము ఒకటే, పంటలు ఒకటే. నాణెము వేరు, చట్టము వేరు.

ఆ గీతయైనను తిన్నగా లేదు. అందులో రెండు విధముల దీవులు ఉండెను. నందిగామకు తూర్పున కంచికచర్లకు ఆవలనున్న పరిటాలయు, మరికొన్ని గ్రామములును నాలుగు వైపుల ఇంగ్లీషువారి నేల యుండగా నిజాము క్రిందనే నిలిచెను. అక్కడి వజ్రపు గనులను నిజాము వదలుకొనకపోవుటయే దీనికి కారణమని చెప్పుదురు. 1947 ఆగస్టులో చుట్టునున్న ఊళ్లు స్వతంత్రములైనను పరిటాల కాలేదు. ఆ సంవత్సరము నవంబరులో అక్కడి ప్రజలు తమ గ్రామములను స్వతంత్ర గణతంత్రముగా ప్రకటించుకొనిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశములో చేరిన పిమ్మట అవి మన జిల్లాలో కలిసిపోయెను.

రెండవ దీవి మునగాల. ఇది నందిగామ తాలూకాకు చెందిన పరగణాయే గాని చుట్టును నిజాము రాజ్యమే. ఈ దీవి తెలుగువారికి గొప్ప మేలు చేసెను. మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారికి దివానుగా ఉండిన కొమర్రాజు లక్ష్మణరావుగారు మన పెనుగంచిప్రోలులో 1877లో జన్మించినవారే. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించుటలో వీరు ముందు నిలిచిరి. రెండు రాజ్యముల నడుమ నున్న చిన్న చోటు రెండింటికిని పుస్తకములు పోవు ద్వారమాయెను. గీత గోడ కావచ్చును, గుమ్మము కావచ్చును. ఏది కావలెనో దానికిరువైపుల నున్న మనుష్యులు కొంత నిర్ణయింతురు. మునగాల ఇప్పుడు తెలంగాణలో సూర్యాపేట జిల్లాలోనున్నది.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే ఆ పాత గీత రాజ్యముల హద్దుగా చెరిగిపోయి జిల్లాల హద్దు మాత్రమాయెను. 2014 జూన్ 2వ తేదీన అది మరల రాష్ట్రముల హద్దుగా లేచినది. 2020 మార్చి నెలలో కరోనా వ్యాధినిబట్టి రాకపోకలు నిలిపివేసినప్పుడు, హైదరాబాదునుండి ఇండ్లకు బయలుదేరిన మన పిల్లలు ఎందరో గరికపాడు చెక్‌పోస్టు యొద్ద నిలిచిపోయిరి. ఇల్లు ఎదుటనే యున్నది, దారి లేదు. పటములోని సన్నని గీతకు ఎంత బలమున్నదో ఆ దినమున అందరును చూచిరి. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా విభజింపబడి మనము ఎన్.టి.ఆర్. జిల్లావారమైతిమి. ఇండ్లు కదలలేదు, చిరునామా కదిలినది.

5. గొలుసు, సెంటు, గ్రామపటము

దేశపు పటము పైనుండి వచ్చినది. గ్రామపు పటము గొలుసుతో వచ్చినది. ఆ కథ కొంచెము చెప్పుకొందము. 1802లో మద్రాసు పరంగికొండ సమీపమున విలియం లాంబ్టన్ సుమారు ఏడున్నర మైళ్ల నేలను ఉక్కుగొలుసుతో కొలిచి, దానిని ఆధారము చేసికొని కొండలనుండి కొండలకు త్రిభుజములు కట్టుచు దేశమంతట కొలత సాగించెను. ఆయన సహాయకుడైన జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడుమ అడవులలో కొలుచుచుండగా, వానలలో ఆయనయు ఆయన పరివారమును జ్వరముపాలైరి. కొందరు దారిలోనే చనిపోయిరి. 1865లో లోకములోనెల్ల ఎత్తైన శిఖరమునకు ఎవరెస్టు పేరు పెట్టిరి. గొలుసు మోసి, జెండా పట్టి, జ్వరముతో రాలిపోయినవారి పేర్లు ఏ పటములోను లేవు.

పొలములు కొలిచిన గొలుసు వేరు. దానిని 1620 ప్రాంతమున ఇంగ్లాండులో ఎడ్మండ్ గంటర్ ఏర్పరచెను. పొడవు 66 అడుగులు, లింకులు 100. పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు గల నేల ఒక ఎకరము. ఒక గొలుసు పొడవు, పది లింకుల వెడల్పు గల ముక్క ఒక సెంటు. మనము దినమును అనుకొను సెంటు అను మాటలో ఆ గొలుసు చప్పుడు ఇంకను ఉన్నది.

ఈ కొలతలను ప్రతి సర్వే నంబరునకు వేరువేరుగా గీసిన పుస్తకమునే ఎఫ్.ఎం.బి. అందురు. వాటినన్నిటిని కూర్చినది గ్రామపటము. అనేక గ్రామపటములు మైలుకు 16 అంగుళముల చొప్పున గీసినవి. ఆ లెక్కను మూడు సెంట్ల ఇంటిస్థలము పటములో పెసరగింజంత యుండును. పటములో పెసరగింజ, ఆ యింటివారికి సర్వస్వము.

ఇక్కడ ముఖ్యమైన సంగతి చెప్పవలెను. ఈ పటములు శిస్తు వసూలునకు గీసినవి. కావున శిస్తు వచ్చు పొలమును లింకుల లెక్కను కొలిచిరి. శిస్తు రాని ఊరిని ఒకే ముద్దగా చుట్టి గ్రామకంఠము అని వ్రాసి విడిచిరి. లోపల ఏ ఇల్లు ఎవరిదో, సందు ఎంత వెడల్పో పటములో లేదు. పొలమున్నవానికి కాగితమున్నది, ఇల్లుమాత్రమే ఉన్నవానికి లేదు. శ్మశానములు, డొంకలు, పుంతలు, వాగులు పోరంబోకు లెక్కలోనికి పోయెను. మనవారు తరతరములుగా తమ మృతులను పాతిపెట్టిన స్థలము కొన్ని ఊళ్లలో ఖాళీ పోరంబోకుగానే వ్రాయబడియుండుట మేము చూచితిమి. ప్రక్క పొలపు గట్టు ఏటేటా ఒక జానెడు జరుగుచు వచ్చినను, అడుగుటకు చేత కాగితము లేదు. ఓడలో వచ్చినవానికి లోపలిదేశము ఖాళీగా కనబడినట్లే, శిస్తు వ్రాయువానికి మన పల్లె ఖాళీగా కనబడెను.

6. తక్కెళ్లపాడులో మొదలైన కొలత

నూరు సంవత్సరముల తరువాత రాష్ట్రమంతటను భూములను మరల కొలుచు కార్యము మన జగ్గయ్యపేట మండలములోని తక్కెళ్లపాడులోనే 2020 డిసెంబరు 21వ తేదీన ప్రారంభమాయెను. ఇప్పుడు గొలుసు లేదు. ఆకాశమున తిరుగు ఉపగ్రహముల సంకేతములను నేలమీది స్థావరములు పట్టుకొనును. డ్రోను పైనుండి చిత్రములు తీయును. సర్వేయరు పొలములో నిలిచి గట్టు స్థానమును అంకెలతో నమోదు చేయును. కొలత ముగిసిన గ్రామములలో పాత సర్వే నంబరునకు బదులు ఎల్.పి.ఎం. నంబరు వచ్చినది. అదే 2020లో కేంద్ర ప్రభుత్వము స్వామిత్వ అను పథకము క్రింద గ్రామకంఠములలోని ఇండ్లను కూడ డ్రోనులతో కొలుచుటకు ఆరంభించెను. నాడు ఖాళీగా విడిచిన చోటును నింపుటకు ఇది మంచి సమయము.

అయినను పరికరము ఎంత సూక్ష్మమైనదైనను, గట్టు ఎక్కడనో చూపించువాడు మనుష్యుడే. విస్తీర్ణము తగ్గినదనియు, ఇద్దరు ముగ్గురి భూములు ఒకే నంబరులో కలిసినవనియు ఫిర్యాదులు వచ్చెను. 2022 నాటి భూహక్కు చట్టము 2024లో రద్దయినది. రీసర్వే పద్ధతులలోను మార్పులు జరిగెను. రాజకీయపు వాదములు ఈ పత్రికకు తగవు. మేము చెప్పునది ఒక్కటే: మనము అక్కడ లేకుండ గీసిన గీత మనలను లెక్కచేయదు. షిలోహునుండి ముగ్గురేసి వెళ్లిన కారణమిదియే.

7. మనము చేయవలసినవి

మొదటిది, కొలతకు నోటీసు వచ్చిన దినమున కూలిపని ఒక దినము పోయినను పొలములో ఉండవలెను. హైదరాబాదు, విజయవాడలలో పనిచేయువారు తమ తరపున నమ్మకమైనవారిని ముందుగా ఏర్పరచవలెను. విధవరాండ్ర పక్షమున, చదువురాని వృద్ధుల పక్షమున సంఘపెద్దలు వెంట నిలువవలెను.

రెండవది, సమాధుల తోట, దేవాలయ స్థలము, వాటికి పోవు దారి గ్రామపటములో ఏమని వ్రాయబడియున్నవో సచివాలయములోని గ్రామ సర్వేయరు నడిగి తెలిసికొని, నకలు తీసికొని, సంఘపు పెట్టెలో భద్రపరచవలెను. తప్పుండినయెడల నోటిమాటతో ఊరుకొనక, వ్రాతపూర్వకముగా అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను.

మూడవది, వృద్ధులు జ్ఞాపకముంచుకొనిన హద్దులను, వాగుల పేర్లను, పాత దారులను చదువుకొన్న యౌవనస్థులు వ్రాసిపెట్టవలెను. కావలి సోదరులు చేసిన పనిని మన ఊరికి మనమే చేసికొనవలెను.

నాలుగవది మిక్కిలి కఠినమైనది. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము 14వ వచనము పొరుగువాని సరిహద్దు రాతిని తీసివేయకూడదని ఆజ్ఞాపించుచున్నది. ఈ ఆజ్ఞ పెద్ద భూస్వామికి మాత్రమే ఇచ్చినది కాదు. అర ఎకరము గలవాడు కూడ నాగలి చాలు ఒకటి ప్రక్కవాని వైపునకు త్రోయగలడు. అన్న దూరదేశమున ఉండగా కొలత వచ్చినదని, అన్న భాగములో రెండు సెంట్లు తనవిగా చూపించినవాడు ఉపగ్రహమును మోసము చేయగలడు. అన్న మరల వచ్చు దినమున అతని ముఖము ఏలాగు చూడగలడు? మన హక్కును అడుగుటకు ఎంత ధైర్యము కావలెనో, ప్రక్కవాని హక్కును ఒప్పుకొనుటకును అంతే కావలెను. ఈ రెండును కలిగిన సంఘము ఉన్న ఊరిలో సర్వేయరు పని సులువగును, కోర్టుఖర్చు తగ్గును.

రాజ్యముల గీతలు మన కన్నులయెదుటనే చెరిగి మరల లేచినవి. పొలములోని రాయి చిన్నదే గాని, దాని నిలుకడ మన నిజాయితీమీద ఆనుకొనియున్నది. ఈ నెలలో ఒక ఆదివారము ఆరాధన తరువాత మన సమాధుల తోట చుట్టు పెద్దలును పిల్లలును కలిసి నడిచి, హద్దులు చూచుకొనుడని మేము ప్రతి సంఘమును కోరుచున్నాము.

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. యెహోషువ ఒక్కొక్క గోత్రమునుండి ముగ్గురిని పంపుటలో ఉన్న న్యాయమేమి? మన ఊరిలో కొలత జరుగునప్పుడు ఎవరెవరు ఉండుచున్నారు?
2. మన ఊరి పటములో ఖాళీగా విడువబడిన చోట్లు ఏవి? అక్కడ నిజముగా ఏమున్నది?
3. మునగాల దీవివలె, మన ఊరిలో గోడగా నున్న ఏ హద్దు గుమ్మముగా మారగలదు?
4. మన సంఘపు సమాధుల తోట, దారి ఏ సర్వే నంబరులో, ఏ పేరున ఉన్నవి? దీనిని తెలిసికొనుటకు ఎవరు బాధ్యత వహింతురు?
5. మన గట్టు ప్రక్కవాని పొలములోనికి జరిగియున్నట్లు మనకే తెలిసినయెడల, మొదట ఎవరియొద్దకు వెళ్లవలెను?